అరువిచ్చిన వీణ, కుంగిన మెట్లు: కడప నుంచి ఒక కేస్ స్టడీ

వీణ పాఠాలు చెప్పడంతో పాటు మేళం కట్టే పని కూడా చేస్తుంటాను, అంటే తీగల కింద వరసగా ఉండే మెట్లను మైనంలో స్వరాలకు సరిగ్గా కూర్చోబెట్టే పని. కడప చుట్టుపక్కల ఈ పని తెలిసినవాళ్లు తక్కువ. అందువల్ల పాడైన వీణలతో పాటు వాటి వెనకున్న తగువులు కూడా నా దగ్గరికే వస్తుంటాయి. అందులో సగానికి సగం అరువు తగువులు. చాలావాటిలో ఎవరిది తప్పో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ కేసు అలాంటిది కాదు. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరూ నిజమే చెప్పారు. అయినా వీణ చెడింది, వాళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. వాద్యం అరువివ్వడంలో, తీసుకోవడంలో మనం పాటించాల్సిన మర్యాద ఏమిటో ఇంత స్పష్టంగా చూపించిన కేసు నాకు ఇంకోటి తగల్లేదు. అందుకే రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. వీణకు జరిగింది మాత్రం జరిగినట్టే ఉంది.

నేపథ్యం

వీణ సొంతదారుకు అరవై దాటాయి. ఇక్కడ పెద్దావిడ అంటాను. వీణ ఆమె తండ్రి కొనిచ్చింది. ఒకే పనసమానును తొలిచి చేసిన ఏకాండి వీణ, గంభీరమైన నాదం. కీళ్ల నొప్పులు మొదలయ్యాక ఆమె రోజూ వాయించడం మానేసింది. శుక్రవారం పూట శ్రుతి చేసి రెండు కీర్తనలు వాయించి, గుడ్డ కప్పి పెట్టేది. మేళం కట్టించి పదేళ్ల పైమాటే.

తీసుకున్న అమ్మాయికి ముప్పై లోపు వయసు. ఉద్యోగం మీద ఈ జిల్లాకు వచ్చింది. సొంత వీణ కోస్తాలో పుట్టింట్లో ఉంది. మంచి విద్వత్తు, బరువైన చెయ్యి. వైశాఖంలో ఒక ఉత్సవంలో వాయించమని పిలుపొచ్చింది. ఇంటి నుంచి వీణ తెప్పించుకునే వ్యవధి లేదు.

ఆ నెల పేరు ఊరికే చెప్పలేదు. దేవుని కడప బ్రహ్మోత్సవాలు మాఘంలో వస్తాయి, అప్పటికి ఎండ ఇంకా ముదరదు. ఒంటిమిట్ట రామనవమి ఉత్సవాలు చైత్రంలో, తాళ్లపాకలో అన్నమయ్య జయంతి వైశాఖ పౌర్ణమికి. అంటే మా వైపు వాద్యాలు చేతులు మారి, కార్లెక్కి, ఊళ్లు తిరిగే రోజుల్లో మంచి భాగం నడి ఎండల్లోనే పడుతుంది. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

వీణ అడిగింది అమ్మాయి కాదు, ఇద్దరికీ తెలిసిన ఒక సంగీతం మాస్టారు. ఫోన్ చేసి, "మన పిల్లేనమ్మా, నాలుగు రోజులకియ్యి" అన్నాడు. ఆయన మాట కాదనడం పెద్దావిడకు చేతకాలేదు. అమ్మాయి వచ్చిన సాయంత్రం ఆమె గుడికెళ్లింది. కొడుకు వీణను తెచ్చి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. నాలుగు రోజుల తర్వాత అమ్మాయి తిరిగిచ్చినప్పుడు కూడా అందుకున్నది కొడుకే. ఇచ్చేటప్పుడు గానీ, పుచ్చుకునేటప్పుడు గానీ ఆ వీణ మీద ఇద్దరిలో ఎవరూ ఎదుటివాళ్ల ముందు ఒక్క తీగ మీటలేదు. కేసు మొత్తం ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది.

సమస్య

ఆ శుక్రవారం పెద్దావిడ వీణ తీసి మీటితే మధ్య స్థాయిలో కొన్ని మెట్ల మీద తీగ జర్రుమంది. ఒక మెట్టు మీద నొక్కితే దాని పై స్వరం పలికింది. మర్నాడే నా దగ్గరికి తెచ్చింది.

"ఇచ్చేటప్పుడు బాగుండె నాయనా. ఇప్పుడు చూడు, ఎట్లా జర్రుమంటాందో. ఎంతైతే అంత, కట్టియ్యి. ఆ పిల్లకు మాత్రం చెప్పొద్దు."

నాకు ఆమె మాటల్లో చివరిదే పెద్ద సమస్యగా తోచింది. గుట్టుగా బాగుచేసిస్తే వీణ పలుకుతుంది. కానీ ఆమె ఇక జన్మలో ఎవరికీ వీణ ఇవ్వదు. ఆ అమ్మాయికి ఏం జరిగిందో తెలియదు కనక రేపు ఇంకొకరి వీణనూ అలాగే తీసుకుపోతుంది. పైగా అప్పటికే ఇద్దరి మధ్యా వ్యవహారం కొంత చెడింది. పెద్దావిడ చెల్లెలు ఉండబట్టలేక మాస్టారికి ఫోన్ చేసింది, మాస్టారు అమ్మాయికి చేశాడు. "నేనేం చేయలేదు సార్, తీసుకున్నది తీసుకున్నట్టే జాగ్రత్తగా తెచ్చిచ్చాను" అందట ఆమె. ఆ మాట ఇటు చేరేసరికి "నా వీణ ముందే చెడిపోయి ఉందంటాందా?" అయింది.

నా నోటి నుంచి ఏదీ బయటికి పోదని పెద్దావిడకు మాటిచ్చాను. ఆ అమ్మాయితో మాట్లాడటానికి ఆమె ఒప్పుకోవాలని కూడా అడిగాను. "ముందు వీణ చూసి చెప్పు" అంది. అదే సరైన వరస అనిపించింది. మనుషుల మాటలు వినకముందే వీణను చదవాలి. విన్న తర్వాత చూస్తే, విన్నదే కనిపిస్తుంది.

వీణ చెప్పిన సాక్ష్యం

వీణ తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. గిటారుకు మెట్లు చెక్కలో దిగేసి ఉంటాయి. సితారుకు దారంతో కట్టి ఉంటాయి, వాయించేవాళ్లు అటూ ఇటూ జరుపుకోవచ్చు. వీణకు ఉన్న 24 మెట్లూ మెడలాంటి పొడవాటి దండి మీద రెండు మైనపు గట్లలో కూర్చుని ఉంటాయి. తేనె మైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం లాంటివి కలిపి కాచి ఆ గట్లు పోస్తారు. ప్రతి మెట్టునూ చెవితో విని, స్థానం చూసి మైనంలో కూర్చోబెట్టడమే మేళం కట్టడం. ఇన్ని మెట్లూ నిలిచేది మైనం మీదే. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం మాత్రం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు.

సన్నటి ఉక్కు స్కేలును మెట్ల మీద నిలువుగా పెట్టి, అవతల దీపం ఉంచి చూశాను. స్కేలు కింద వెలుతురు సమానంగా రావాలి. ఐదో మెట్టు నుంచి పదో మెట్టు దాకా వెలుతురు ఎక్కువగా వచ్చింది. అవి కుంగాయి. పైగా నిటారుగా కుంగలేదు, తీగను లాగే వైపుకి ఒరిగాయి. వీణలో గమకం తీగను మెట్టు మీద పక్కకు లాగి పలికిస్తాం కదా. మైనం గట్టిగా ఉంటే ఆ లాగుడుకు మెట్టు కదలదు. మెత్తగా ఉన్నప్పుడు బరువైన చెయ్యి పడితే మెట్టు వేలి వెంట పోతుంది. కుంగినవి కూడా ఎక్కువగా వాయించే చోటులోవే. పైస్థాయి మెట్లు నిక్షేపంగా ఉన్నాయి. కేవలం ఎండకే చెడితే చెడిన తీరు అంతటా కొంచెమైనా కనిపించాలి. కాబట్టి ఎండ ఒక్కటే కారణం కాదు. వేడెక్కి ఉన్న వీణను ఆ వేడి మీదే ఎవరో గట్టిగా వాయించారు.

అక్కడితో ఆపేస్తే తప్పంతా అమ్మాయిదే అనిపిస్తుంది. మైనపు గట్టును భూతద్దంతో చూశాను. మెట్ల మొదళ్ల దగ్గర నెరలు, అంటే సన్నటి పగుళ్లు ఉన్నాయి, వాటిలో దుమ్ము నల్లగా పేరుకుని ఉంది. నాలుగు రోజుల్లో పడ్డ నెరలో అంత దుమ్ము చేరదు. మైనం ముసలిదైపోయింది, పట్టు పోయింది. పెద్దావిడ చెయ్యి తేలిక, వాయించేది వారానికోసారి, అందుకే ఇన్నేళ్లూ బయటపడలేదు. ఆమె "ఇచ్చేటప్పుడు బాగుంది" అన్నది నిజం. అమ్మాయి "నేనేం చేయలేదు" అన్నదీ ఆమెకు తెలిసినంతలో నిజమే.

పెద్దావిడకు దీపం పెట్టి చూపించాను, భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "సరే, ఆ పిల్లతో మాట్లాడు" అంది.

చేసి చూసినవి, పనిచేయనివి

అమ్మాయిని ఆరోపణ చేసినట్టు కాకుండా, ఆ నాలుగు రోజులు వీణ ఎక్కడెక్కడ ఉందో గంట గంటకూ చెప్పమన్నాను. దాపరికం లేకుండా చెప్పింది. ఉత్సవం రోజు మధ్యాహ్నం భోజనాల వేళ వీణ కారులోనే ఉంది, వెనక అద్దం కింద. మనుషులు తొక్కుతారని, పిల్లలు ముట్టుకుంటారని భయపడి కారులోనే భద్రం అనుకుంది. వెంటనే వేదిక మీదికి పిలిచారు. తీసి, శ్రుతి చేసి, వాయించింది. "అంత సేపట్లో ఇంత అవుతుందని నాకెవరూ చెప్పలేదండీ" అంది. ఆమె ఊళ్లో వీణను కారులో తిప్పే అవసరం ఎప్పుడూ రాలేదు.

విషయం తెలిసిన మాస్టారు, చెరిసగం పెట్టుకోమని సలహా ఇచ్చాడు. వినడానికి న్యాయంగానే ఉంది. ఇద్దరికీ రుచించలేదు. సగం ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టని అమ్మాయి బాధ. సగం పుచ్చుకుంటే పాత మైనం సంగతి దాచి డబ్బు గుంజినట్టని పెద్దావిడ బాధ. లెక్క కుదిరింది గానీ మనసు కుదరలేదు. ఈ లోపల అమ్మాయి తోచిన మొత్తం పెద్దావిడ కొడుకు ఫోనుకు పంపేసింది, ఒక్క మాట రాయకుండా. తప్పించుకుందామని కాదు, ఏం రాయాలో తోచక. పెద్దావిడ మాత్రం, "నా వీణకు బాడుగ కట్టిందా?" అని అదే రాత్రి తిప్పి పంపించేసింది. వాద్యం విషయంలో మాట లేకుండా చేరే డబ్బు ఎంత గాయం చేస్తుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కొడుకు ఇంకో దారి పట్టాడు. ఇకమీద ఎవరికిచ్చినా సంతకం పెట్టించుకుందామని, పాడైతే ఎవరు కట్టాలో కాగితం రాశాడు. నాకు చూపించాడు. నష్టం జరిగాక ఎవరిని పట్టుకోవాలో అందులో ఉంది. నష్టం జరగకుండా ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఎండ ప్రసక్తి అసలే లేదు. పెద్దావిడే దాన్ని పక్కన పెట్టించింది.

వీణ విషయంలో నేను ముందు తక్కువ మార్పుతో పోయే దారి చూశాను. వాద్యాన్ని ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మేలన్నది నా పద్ధతి. కుంగిన మెట్ల దగ్గర మాత్రమే మైనాన్ని వెచ్చచేసి, మెట్లెత్తి, సరిచేసి చల్లారనిచ్చాను. పలికింది. అయితే దీన్ని పరీక్షించాల్సింది తేలిక చెయ్యి కాదని, నేనే బరువుగా గమకాలు పట్టి కొన్నాళ్లు వాయించాను. సరిచేసిన మెట్లు నిలిచాయి, వాటి పక్క మెట్ల దగ్గర పాత మైనం పగిలింది. వీణ చెప్పిన సాక్ష్యానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మేళం మొత్తం కొత్తగా కట్టాల్సిందే.

పనిచేసినది

మేళం కట్టే రోజున ఇద్దరినీ రమ్మన్నాను. సర్దిచెప్పడానికి కాదు. పనికి నిజంగానే మనుషులు కావాలి. మైనం మెత్తగా ఉన్నంతసేపట్లోనే మెట్టు కుదరాలి. ఒకరు తీగ మీటాలి, ఒకరు వినాలి, ఒకరు మెట్టు జరపాలి. పెద్దావిడ చెవికి సాటిలేదు, అమ్మాయి చేతికి నొప్పి లేదు. వాళ్లిద్దరినీ తగువు తీర్చుకోమని కూర్చోబెడితే తగువే గుర్తొస్తుంది. పని ముందు పెడితే పని గుర్తుంటుంది.

వాయించే తీగల్లో మొదటిదైన సారణిని శ్రుతి చేసుకుని మొదట పన్నెండో మెట్టు పెట్టాం. మేరువుకీ (బిరడాల వైపు తీగలు ఆనే అంచు), గుర్రానికీ (కుండ మీద తీగలు ఆనే వంతెన) సరిగ్గా సగం దూరంలో పై షడ్జం. తర్వాత మేరువు నుంచి మూడో వంతు దగ్గర పంచమం, నాలుగో వంతు దగ్గర మధ్యమం. ఇవి లెక్కకు దొరుకుతాయి. గాంధారాలు, నిషాదాల దగ్గరికొచ్చేసరికి చెవే దిక్కు. పెద్దావిడ కళ్లు మూసుకుని, "ఇంకో నూలు కిందికి... ఉండు, అంతే" అంటుంటే అమ్మాయి వెంట్రుకవాసి జరుపుతూ పోయింది. ఏడో మెట్టు దగ్గర పెద్దావిడ ఆమె వేలు చూసి, "ఏమ్మా, అంత బలంగా నొక్కుతావే?" అని అడిగింది. "మా గురువుగారి బాణీ అండీ, తీగ లాగితే రెండు స్వరాలు దాటాలంటారు" అని అమ్మాయి చెప్పింది. ఒకసారి వాయించమంది. విని, "అట్లైతే ఈ మైనం నీ చేతికి తట్టుకోవాలి" అని నా వైపు చూసింది.

అక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మెట్ల ఎత్తు ఎవరి చేతికి తగ్గట్టు పెట్టాలి? సొంతదారు చేతికి పెట్టడం నా రివాజు. అరువు తీసుకునేవాళ్లు వాద్యానికి సర్దుకోవాలి గానీ వాద్యం వాళ్లకు సర్దుకోకూడదు. ఎత్తు అలాగే పెద్దావిడకు అనువుగా ఉంచాను. మైనం పాళ్లు మాత్రం గట్టిగా కలిపాను, ఎందుకంటే ఆ వీణ మీద బరువైన చెయ్యి మళ్లీ పడాలని ఆమె కోరుకుంటోందని అర్థమైంది.

డబ్బు సంగతి ఆ సాయంత్రం నేనే ఎత్తాను. మేళం ఖర్చు సొంతదారుది, ఎందుకంటే పాత మైనం ఆయుష్షు ఎలాగూ తీరింది. ఏడు తీగలూ కొత్తవి వేయడం అమ్మాయిది, వాయించినవాళ్లు తీగలు అరగదీస్తారు కాబట్టి అది ఎప్పుడైనా తీసుకున్నవాళ్ల బాధ్యతే. దేనికి దేనికని విడగొట్టి చెప్పేసరికి ఇద్దరూ ఒప్పుకున్నారు. చెరిసగంలో లేనిది ఇందులో ఉంది: ఎవరు దేనికి ఇస్తున్నారో స్పష్టంగా తెలుస్తుంది, ఎవరూ నేరం మీద వేసుకోనక్కర్లేదు.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

అరువు అడిగేవాళ్లు నేరుగా అడగాలి. పెద్దమనిషి ద్వారా అడిగిస్తే మర్యాదగా ఉంటుందనుకుంటాం. మా సీమలో పెద్దమనిషి మాటకు కాదనడం కష్టం. మొగమాటంతో ఇచ్చిన వాద్యంతో పాటు ఆ మొగమాటం కూడా ఇంటికొస్తుంది, చిన్న జర్రుమన్న చప్పుడుకే అది కోపంగా మారుతుంది. పెద్దావిడను అమ్మాయే నేరుగా అడిగి ఉంటే, "ఇస్తా గానీ మేళం పాతది తల్లీ" అన్న మాట తప్పకుండా వచ్చేదని నా నమ్మకం.

ఇచ్చేచోట ఇద్దరూ కూర్చుని వాయించాలి. మొత్తం 24 మెట్ల మీదా సారణి ఒక్కసారి మీటుకుంటూ పోతే పది నిమిషాలు పట్టదు. ఎక్కడ జర్రుమంటుందో, తీగను బిగించే ఏ బిరడా జారుతుందో, కుండ మీద ఎక్కడ గీత ఉందో ఇద్దరూ చూసినట్టవుతుంది. తిరిగిచ్చేటప్పుడూ అంతే. పెద్దావిడ ఇప్పుడు వీణ కవరు జేబులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టింది. తేదీ, ఏ శ్రుతికి ఉంది, ఏం లోపాలున్నాయి, ఇద్దరి సంతకాలు. కొడుకు రాసిన కాగితానికీ దీనికీ తేడా ఏమిటంటే ఇది వాద్యం గురించి ఉంటుంది, జరిమానా గురించి కాదు.

కొడుకులు, డ్రైవర్లు, వాచ్‌మన్‌ల చేతుల మీదుగా వాద్యం మారకూడదు. ఇంట్లో లేకపోతే రేపు రమ్మనడం మొరటు కాదు. తీసుకున్నవాళ్లు ఇంకొకరికి, ఒక్క పాట కోసమైనా, సొంతదారును అడగకుండా ఇవ్వకూడదు.

ఎండల్లో ప్రయాణం గురించి తీసుకునేవాళ్లకు సొంతదారే నోరు తెరిచి చెప్పాలి. "నీకు తెలియదా" అన్నట్టు అవుతుందేమోనని చాలామంది చెప్పరు. గోదావరి గట్టున పెరిగిన పిల్లకు కడప కారు సంగతి ఎలా తెలుస్తుంది? ఆగిన కారులో వీణను ఒక్క క్షణం కూడా వదలొద్దు. భోజనానికి వెళ్తే వీణను కూడా లోపలికి తీసుకెళ్లాలి, వెళ్లలేకపోతే ఒకరు దగ్గరుండాలి. ఎంత జాగ్రత్తపడ్డా వీణ వేడెక్కిందనిపిస్తే నీడలో, గాలి తగిలేచోట ఒక గంట ఊరికే ఉంచి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. ఈ కేసులో ఆ ఒక్క గంట ఆగి ఉంటే మెట్లు అంతగా ఒరిగేవి కావు. వేదిక మీదికి రమ్మని తొందరపెట్టే నిర్వాహకులకు కూడా ఈ మాట చెప్పి ఒప్పించాలి. వాద్యం మనది కానప్పుడు మరీ ముఖ్యం.

శ్రుతి మార్చే ముందు అడగాలి. వేణువుతో కలిసి వాయించాల్సి వస్తే వేణువు శ్రుతి మారదు కాబట్టి వీణే మారాలి, అది నిజమే. ఎంతవరకు పెంచవచ్చో సొంతదారుకు తెలుస్తుంది. తిరిగిచ్చేటప్పుడు మళ్లీ పాత శ్రుతికే దించి ఇవ్వాలి. తీగ తెగితే అదే మందం తీగ వేసి, తెగిందని చెప్పాలి. గుర్రాన్ని, మైనాన్ని మాత్రం ఏం జరిగినా ముట్టుకోకుండా సొంతదారుకు ఫోన్ చేయాలి.

ఇవ్వడం ఇష్టం లేనప్పుడు ఎలా కాదనాలో కూడా నేర్చుకోవాలి. ఈ కేసు తర్వాత పెద్దావిడ నన్ను అడిగింది అదే. "ఎండాకాలం ఇయ్యను తల్లీ, మైనం ఆగదు. మాఘంలో అడుగు, కూర్చుని చూసుకుని తీసుకుపో" అనమన్నాను. కారణం నిజం, మాట మెత్తన, మళ్లీ అడిగేందుకు దారి ఉంది. మొన్న చైత్రంలో ఒకాయన పెద్దమనిషితో ఫోన్ చేయించినప్పుడు ఆమె ఈ మాటే చెప్పిందట. అడిగిన మనిషి వేరేచోట వీణ చూసుకున్నాడు, ఎవరికీ కోపం రాలేదు. ఆ అమ్మాయి బదిలీ మీద వెళ్లిపోయేదాకా శుక్రవారాలు పెద్దావిడ ఇంటికెళ్లి ఆ వీణ వాయించేది. ఈ మధ్య మైనం చూశాను, ఎక్కడా నెర లేదు.